జ్వరానికి కూర్చున్న మూడు తట్టలు

మునివెంకటమ్మను ఆ మంగళవారం చిక్కబళ్ళాపురం తీసుకెళ్ళింది కండ్లు చూపించడానికని. కొడుకు నాగేశ్ పొద్దున్నే కారు తెచ్చి వాకిట్లో ఆపి, "పొర వచ్చిందేమో, డాక్టరుకు చూపిస్తాము పదమ్మా" అన్నాడు. ఎడమ కంట్లో మసక ఉన్నమాట నిజమే. మబ్బు పట్టిన రోజున మల్బరీ ఆకులో పండుటాకు ఏరి పారేయడం ఆమెకు కష్టమవుతోంది. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. అనకుండానే కొడుకు కనిపెట్టాడు. ఆ ఒక్క ముక్క ఆమెను ఎంత మెత్తబరిచిందంటే, పురుగులకు పొద్దుటి ఆకు వేసే పని పక్కింటి అక్కయమ్మకు అప్పగించి, పెట్టెలోంచి నీలం చీర తీసి కట్టుకుని, పది నిమిషాల్లో కారెక్కి కూర్చుంది.

కర్ణాటకలో సాదలి పక్కన వాళ్ళ ఊరు; ఇంట్లో తెలుగు, బయట కన్నడం. మూడెకరాల మల్బరీ తోట, ఒక బోరు, పట్టుపురుగుల షెడ్డు. భర్త పిళ్ళప్ప పోయే ముందు తోటను ఆమె పేరిట రాయించాడు. నాగేశ్‌కు చిక్కబళ్ళాపురంలో టైల్స్ అంగడి. ఏడాదిగా అతను తోటను ఇళ్ళస్థలాల లేఔటు వాళ్ళకు ఇచ్చేద్దామంటున్నాడు. రెండుసార్లు కాగితాలు తెచ్చాడు. రెండుసార్లూ ఆమె, "నేనుండేంత కాలం వద్దులేప్పా. ఆ పైన నీ ఇష్టం" అంది. గొడవేమీ జరగలేదు. అతను కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. జరగని గొడవ ఎక్కడికి పోయి దాక్కుంటుందో ఆమె అప్పుడు ఆలోచించలేదు.

శిడ్లఘట్ట దాటేవరకు కారులో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. దాటాక నాగేశ్ రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"అమ్మా, పొడుస్తాండా."

ఆమె ఉలిక్కిపడింది. ఆ మాట విని ఇరవై ఏళ్ళు దాటింది.

అది వాళ్ళింటి లెక్కల ఆట. బాగేపల్లి దగ్గర ఆమె పుట్టింట్లో శనక్కాయలు ఒలిచేటప్పుడు ఆడేవాళ్ళు; పెళ్ళయి వచ్చేటప్పుడు చీరలతోపాటు దాన్నీ తెచ్చుకుంది. ఇక్కడికొచ్చాక శనక్కాయల స్థానంలో పట్టుపురుగులు వచ్చాయి. అడిగేవాడు 'పొడుస్తాండా' అనాలి. చెప్పేవాడు 'విప్పుతాండా' అనాలి. లెక్క ఒక్కసారే చెబుతారు, మళ్ళీ అడగకూడదు. వినడానికి కూడిక లాగానో తీసివేత లాగానో ఉంటుంది. ఆ గొంతును నమ్మి కూడినవాడు, తీసినవాడు ఓడిపోతాడు. ఏమడిగారో మాట మాటా విన్నవాడు గెలుస్తాడు. గెలిస్తే అడిగినవాడు అందరి ముందూ 'విప్పితివి' అని ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు లేకపోతే గెలుపు గెలుపు కాదు.

"విప్పుతాండా" అంది మునివెంకటమ్మ.

"ఇంట్లో ఆరు మంది. ఒక్కొక్కరూ పూటకు రెండు రాగిముద్దలు తింటారు. ముక్కోటి ఏకాదశి పొద్దు మధ్యాహ్నానికి ఎన్ని ముద్దలు కట్టాల?"

ఆమె రెండు క్షణాలు ఆగింది. పన్నెండు అన్న అంకె నాలుక చివరకొచ్చి కూర్చుంది. దాన్ని లోపలికి మింగి నవ్వింది. "ఒక్కటీ కట్టేది లేదు. ఉపవాసం కదప్పా."

"విప్పితివి" అన్నాడు నాగేశ్. అతనూ నవ్వాడు.

చిక్కబళ్ళాపురం వచ్చేవరకు ఆమెలో ఏదో పొంగుతూనే ఉంది. మనిషికి మనిషి తిరిగి దొరకడం ఎంత చిన్న మాటతో జరుగుతుంది అనుకుంది. పెళ్ళాం, అంగడి, బ్యాంకు, లేఔటు, వీటన్నిటి అడుగున ఆ పిల్లవాడు అలాగే ఉన్నాడు. తానే తవ్వి చూడలేదు. ఇంటికెళ్ళాక పంట ఎత్తేరోజున అందరినీ రమ్మనాలి, కోడలికి కూడా ఆట నేర్పాలి అని లెక్కలు వేసుకుంది.

ఆసుపత్రిలో వాళ్ళు కూర్చున్న గదిలో గోడమీద చిన్నా పెద్దా అక్షరాల పట్టీ లేదు. "కండ్లు చూసేది యాడప్పా?" అని అడిగింది.

"ముందు తల నరాలు చూస్తారమ్మా. ఆ పైన కండ్లు."

డాక్టరమ్మ ధారవాడ వైపు మనిషి, తెలుగు రాదు. నలభై ఏళ్ళుంటాయి, మాట మెత్తన. కన్నడంలోనే పేరు అడిగింది, ఊరు అడిగింది, ఇవాళ ఏ వారమని అడిగింది. మునివెంకటమ్మ కన్నడంలోనే చెప్పింది. ఆ తర్వాత నాగేశ్ ముందుకు వంగి, లెక్కల సంగతి వస్తే అమ్మకు ఇంటి తెలుగులో, పురుగులూ తట్టలూ అని చెబితేనే తెలుస్తుంది, మీరు నాకు ఇంగ్లీషులో చెప్పండి నేను అడుగుతాను అన్నాడు. డాక్టరమ్మ అతనికేసి మెచ్చుకోలుగా చూసి సరేనంది.

మునివెంకటమ్మకు ఆ మాట వింతగా తోచింది. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టులో నలభై ఏళ్ళు ఆమె కన్నడంలో బేరమాడింది. లెక్క తెలియకపోవడమేమిటి? నోరు తెరవబోయింది. అంతలో డాక్టరమ్మ ఇంగ్లీషులో ఏదో అడిగింది. నాగేశ్ తల్లి వైపు తిరిగి, మెల్లగా, ఇద్దరికి మాత్రమే వినిపించేటట్టు అన్నాడు.

"పొడుస్తాండా."

అప్పుడు ఆమెకు అర్థమైంది, లేదా అర్థమైందనుకుంది. వీడు డాక్టరమ్మ కళ్ళు కప్పి ఆట ఆడుతున్నాడు. యాభైకి దగ్గరపడినవాడు, తలలో తెల్లవెంట్రుకలున్నవాడు, బడిలో అయ్యవారి వెనక పిల్లవాడిలాగా. ఆ కొంటెతనంలో తననూ కలుపుకున్నాడు. ఆమెకు నవ్వు ఆగలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"విప్పుతాండా."

"ఇరవై తట్టల్లో పురుగులుండాయి. మూడు తట్టలు జ్వరానికి కూర్చునె. షెడ్లో తట్టలెన్ని?"

పట్టుపురుగు పొర విడిచే ముందు ఒక రోజు తల ఎత్తి, ఆకు ముట్టకుండా, కదలకుండా కూర్చుంటుంది. దాన్ని ఆ పక్కల జ్వరం అంటారు. జ్వరానికి కూర్చున్న తట్ట ఎక్కడికీ పోదు, ఉన్నచోటే ఉంటుంది. మునివెంకటమ్మ కొంగు వెనక నుంచి "ఇరవై" అంది.

నాగేశ్ 'విప్పితివి' అనలేదు. డాక్టరమ్మ వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆమె రాసుకుంది. కంట్లో వేసే చుక్కల మందు రాస్తోందనుకుంది మునివెంకటమ్మ. డాక్టరమ్మ ముందర 'విప్పితివి' అనడానికి వీడికి సిగ్గేమో అనుకుంది.

"పురుగు గూడు కట్టేకి మూడు దినాలు పడతాది. పది చంద్రికెల్లో పురుగులు వదిలితే, గూళ్ళయ్యేకి ఎన్ని దినాలు?"

చంద్రికె అంటే పురుగులు గూడు అల్లే వెదురు చట్రం. ఒకటి ఉన్నా పది ఉన్నా పురుగులన్నీ ఒక్కసారే అల్లుతాయి. "మూడే" అంది ఆమె.

"ఐదు మంది షెడ్డు లోపలికి పోయినారు. వాళ్ళ వెనకాల ఏడు మంది పోయినారు. లోపల ఎన్ని జతల చెప్పులు?"

ఈ లెక్క ఆమె కట్టిందే. పురుగులకు రోగం తగులుతుందని చెప్పులతో షెడ్డు గడప ఎవరూ దాటరు. సున్నం చల్లిన గోనెసంచి మీద కాళ్ళు అద్దుకుని లోపలికి పోతారు. కొంగు జారిపోయింది. ఆమె బిగ్గరగా నవ్వుతూ, "ఒక్క జతా లేదు" అంది. నవ్వుతూనే డాక్టరమ్మకేసి చూసింది, ఆమెను కూడా ఆటలోకి పిలుస్తున్నట్టుగా. డాక్టరమ్మ కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు చంటిపిల్లలకేసి నవ్వే నవ్వు. అది ఆ క్షణంలో కంటికి కనబడింది గాని మనసుకు అందలేదు. మనసు నిండా వేరే వస్తువు ఉన్నప్పుడు కన్ను తెచ్చిన దాన్ని ఎక్కడ పెట్టుకుంటుంది?

బయటికొచ్చాక నాగేశ్, కండ్ల డాక్టరు ఈ పొద్దు లీవంట, ఇంకోసారి వస్తాము అన్నాడు. ఆమె ఫర్వాలేదంది. దారిలో అతను మళ్ళీ పొడవలేదు. "అలసిపోయినావా?" అని ఒకసారి అడిగాడు. తోటలో దింపి, లోపలికి కూడా రాకుండా కారు తిప్పుకున్నాడు. ఆమె ఆ సాయంత్రం పురుగులకు ఆకు వేస్తూ అక్కయమ్మను ఆ మూడు లెక్కలూ అడిగింది. అక్కయమ్మ మూడింటిలోనూ ఓడిపోయింది.

మూడు వారాలు గడిచాయి. ఒక శనివారం మధ్యాహ్నం నాగేశ్ కూతురు మంజుశ్రీ వచ్చింది. చింతామణిలో హాస్టల్లో ఉండి పీయూసీ చదువుతోంది. నెలకోసారి అవ్వ దగ్గరకు వచ్చి వేడి ముద్ద, చారు తిని పడుకుని లేచి పోతుంది. ఆమె తింటుండగానే పోస్టాయన రిజిస్టరు కవరు తెచ్చి సంతకం పెట్టించుకున్నాడు. మునివెంకటమ్మ నాలుగో తరగతి వరకు కన్నడ బడిలో చదివింది. పై కాగితం కన్నడంలోనే ఉంది, జిల్లా కోర్టు అన్నది చదవగలిగింది. లోపలి కాగితం ఇంగ్లీషు. చేతులు కడుక్కుని మంజుశ్రీ రెండూ చదివింది. చదువుతూ చదువుతూ ఆమె గొంతు తగ్గిపోయింది.

"అవ్వా, నాయన కేసేసినాడు."

"ఎవురి మీద?"

"నీ మీద... కేసంటే కేసు కాదులే. నీకు తోట గీట చూసుకునే తెలివి లేదంట. నీ బదులు నాయన సంతకం పెట్టేకి పర్మిషన్ ఇయ్యమని."

"తెలివి లేదని ఎవురు చెప్పినారు?"

"డాక్టరు సర్టిఫికెట్ పెట్టినారు." మంజుశ్రీ రెండో కాగితాన్ని వేలితో చూపిస్తూ చదివింది. "ఇరవైలోంచి మూడు తీసేస్తే ఎంత అని అడిగితే, ఇరవై అన్నావంట. మూడు పదులు ఎంతంటే మూడు. ఐదూ ఏడూ కలిపితే ఏమీ లేదు అన్నావంట." ఆమె తలెత్తి చూసింది. "ఇదేందవ్వా, ఇరవైలో మూడు పోతే నీకు తెలీదా? నాకు ఎక్కాలు నేర్పింది నువ్వే కదా."

మునివెంకటమ్మ వంగి, ఆ వేలు చూపించిన చోట చూసింది. ఆ కాగితం మీద తట్టలు లేవు. పురుగులు లేవు, జ్వరం లేదు, గడప బయట విడిచిన చెప్పులు లేవు. ఉత్త అంకెలు, వాటి పక్కన ఆమె నోటి మాటలు. మాటలు ఆమెవే. ఒక్కటీ మార్చలేదు.

"ఇంకేముండాది?"

"ఇంకేమి లేదు."

"చదువు."

మంజుశ్రీ పెదవి తడుపుకుంది. "జవాబు చెప్పేటప్పుడు సందర్భం లేకుండా నవ్వుతుంది, అని ఉండాది."

ఆ వాక్యం దగ్గర మునివెంకటమ్మ లోపల ఏదో ఆగింది. తోట పోతుందన్నదానికి కాదు. కాగితానికి కాగితం ఉంటుంది, ఎవరినో ఒకరిని పట్టుకుంటే ఏదో ఒక దారి దొరుకుతుంది. ఆ నవ్వు మాత్రం ఆమె ఎంతో కాలానికి నవ్విన నవ్వు. పిళ్ళప్ప పోయాక అంత నోరారా ఆమె నవ్వలేదు. ఆ నవ్వును కూడా కొడుకు వాడుకున్నాడు. కారులో ముద్దల లెక్క అడిగింది పొయ్యి రాజేయడానికి. చేతులు కాచుకుందామని దగ్గరికి జరిగింది తాను.

"నాయనకు ఫోన్ చేయనా?" అంది మంజుశ్రీ.

"వద్దు. నువ్వు ముద్ద తిను. చల్లారిపోతాండాది."

సోమవారం ఆమె ఒక్కతే బస్సెక్కింది. కిటికీ పక్క సీటు. శిడ్లఘట్ట వరకు ఆమె తలలో ఒకటే పని జరిగింది: ఎందుకు అన్నదాన్ని వెతకడం. ఆశ అన్నది ఆమెకు సరిపోలేదు. ఆశపడేవాళ్ళను ఆమె చాలామందిని చూసింది. వాళ్ళు అరుస్తారు, కాళ్ళు పట్టుకుంటారు, కాగితాల మీద దొంగతనంగా వేలిముద్ర వేయించుకుంటారు. ఈ ఆటను ఎత్తుకొచ్చి ఇలా వాడాలంటే ఆశ కాక ఇంకేదో ఉండాలి, ఎక్కడో పాత గాయం ఉండాలి. గాయం ఉంటే దానికి ఆమెకు కూడా సంబంధం ఉంటుంది. సంబంధం ఉంటే భరించవచ్చు.

వెతగ్గా వెతగ్గా ఒక మధ్యాహ్నం దొరికింది. నాగేశ్‌కు తొమ్మిదేళ్ళు. షెడ్లో పది మంది కూలి ఆడవాళ్ళు ఆకు తరుగుతున్నారు. ఆమె తట్టల లెక్క పొడిచింది. నాగేశ్ అందరికంటే ముందు లేచి, వేళ్ళు కూడా మడవకుండా, "పదహేడు" అన్నాడు. గర్వంగా అన్నాడు. షెడ్డంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమే. పిల్లవాడి ముఖం ఎర్రబడింది. "సూటిగా అడగమ్మా. సూటిగా అడిగితే చెప్తా కదా" అన్నాడు, ఏడుపు గొంతుతో. ఆమె నవ్వుతూనే, "సూటిగా అడిగితే ఆట ఎట్లవుతాదిరా" అంది. ఆ సాయంత్రం వాడు అన్నం తిన్నాడో లేదో ఎంత తడిమినా గుర్తుకు రాలేదు. తినలేదనే ఆమె తేల్చుకుంది. అలా తేల్చుకున్నాక కొంచెం ఊపిరి ఆడింది. నలభై ఏళ్ళు వాడు దాన్ని మోసి ఉంటాడు. అప్పు తీర్చుకున్నాడు. తప్పే, కానీ దానికి తలా తోకా ఉన్నాయి.

డాక్టరమ్మ ఆమెను గుర్తుపట్టింది. కూర్చోబెట్టి, తోడు ఎవరూ రాలేదా అని అడిగింది. మునివెంకటమ్మ కన్నడంలో, తోడు అవసరం లేదమ్మా, ఆ రోజు లెక్కలే మళ్ళీ నన్ను అడగండి, మీ నోటితో అడగండి అంది. డాక్టరమ్మ ఒక్క నిమిషం ఆలోచించింది. ఇరవైలో మూడు తీసి, వచ్చినదాంట్లో మళ్ళీ మూడు తీసి, అలా తీస్తూ పొమ్మంది. హదినేళు, హదినాల్కు, హన్నొందు అని మునివెంకటమ్మ పదిహేడు నుంచి ఆగకుండా రెండు దాకా దిగింది. మూడు పదులు మూవత్తు, ముప్పై. ఐదూ ఏడూ హన్నెరడు, పన్నెండు. డాక్టరమ్మ ఇంకా పెద్దవి అడిగింది. అవీ చెప్పింది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

మరి ఆ రోజు ఎందుకు అలా చెప్పారు, మీ అబ్బాయి వేరే ఏమైనా అడిగాడా అంది డాక్టరమ్మ.

ఆ ప్రశ్నకు మునివెంకటమ్మ దగ్గర రెండు జవాబులున్నాయి. ఆ రోజు ఒంట్లో బాగాలేదు అన్నది ఒకటి. అది చెబితే కొత్త సర్టిఫికెట్ వస్తుంది, తోట నిలుస్తుంది, కొడుకు పేరు ఎక్కడా రాదు. బస్సు దిగేటప్పటికి అదే చెప్పాలనుకుంది. కానీ నోరు తెరిచేసరికి, ఆ మాట చెబితే ఆ నవ్వు నిజంగానే సందర్భం లేని నవ్వు అయిపోతుందని తోచింది. తన చేతులతో తానే దానిమీద సంతకం పెట్టినట్టు.

చెప్పింది. తట్టలు చెప్పింది. జ్వరమంటే ఏమిటో, జ్వరానికి కూర్చున్న పురుగు ఎందుకు కదలదో చెప్పింది. చంద్రికెల సంగతి, గోనెసంచి మీది సున్నం సంగతి, చెప్పుల సంగతి చెప్పింది. సూటిగా జవాబిస్తే ఓడిపోతామన్న నియమం చెప్పింది. ధారవాడ మనిషి డాక్టరమ్మకు పట్టుపురుగుల సంగతి తెలియదు. ఒక్కొక్కదాన్నీ రెండేసిసార్లు విప్పాల్సి వచ్చింది. విప్పుతున్నకొద్దీ లెక్క చప్పబడిపోయింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, కన్నవాడి మీద సాక్ష్యంగా, ఆఫీసు భాషలో, ఒక్కొక్క ముక్కా బల్లమీద పరిచినట్టయింది. డాక్టరమ్మ నవ్వలేదు. శ్రద్ధగా రాసుకుంది.

అది ఆట అని మీకెలా తెలిసింది అని అడిగింది చివర్న.

"ఆటకు ముందు అనే మాట అన్నాడు కాబట్టి" అంది మునివెంకటమ్మ. రాసినదాని కింద కన్నడంలో పేరు పెట్టింది. అక్షరాలు వంకర పోలేదు.

ఆదివారం నాగేశ్ వచ్చాడు. కారు రోడ్డుమీదే ఆపి నడిచొచ్చాడు. షెడ్డు బయట ఆమె ఆకు మోపు విప్పుతోంది. అతను కాసేపు నిలబడి, ఆ పైన తొట్టి గట్టుమీద కూర్చున్నాడు.

"డాక్టరమ్మ ఫోన్ చేసినాది" అన్నాడు.

"చేసింటాది."

"ఏమి చెప్పినావమ్మా ఆయమ్మకు?"

"నువ్వడిగింది చెప్పినా. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తియ్యలేదు."

"నేనేమన్నా అబద్ధం అడిగినానా? ఇరవై, మూడు. మూడు, పది. ఆయమ్మ ఇచ్చిన అంకెలే కదా."

"అంకెలు అవే."

"మరి?"

ఆమె మోపుకు కట్టిన తాడును చేతికి చుట్టుకుంది. నాగేశ్ గొంతు కొంచెం పెంచాడు. "అరవై ఆరేండ్లు వచ్చె నీకు. ఇంకా ఈ మోపులు మోసుకుంటా యాల? అక్కయమ్మే నవ్వతాండాది, కొడుకు టైల్స్ అమ్ముతాండాడు, తల్లి ఆకు మోస్తాండాది అని. నీకు కష్టం తగ్గాలనే చేస్తిని. సూటిగా అడిగితే నువ్వు ఒప్పుకోవు కదా."

సూటిగా అన్న మాట వినగానే ఆమె తలెత్తింది. వారం రోజులుగా ఆమె ఎదురుచూస్తున్నది ఆ తలుపే. తాడు కింద పడేసి అతనికి దగ్గరగా వచ్చింది.

"నాగేశా, ఒకటి అడుగుతా. ఆ పొద్దు నవ్వినానని చేసినావా?"

"ఏ పొద్దు?"

"నీకు తొమ్మిదేండ్లు. ఇదే షెడ్లో. తట్టల లెక్క పొడిస్తిని. పదహేడు అంటివి. కూలోళ్ళంతా నవ్విరి. నేనూ నవ్వితిని. సూటిగా అడగమ్మా అని ఏడిస్తివి."

నాగేశ్ నుదురు ముడిచి గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. ఆ ప్రయత్నంలో నటన లేదు. అతను నిజంగానే వెనక్కు వెళ్ళి, అక్కడంతా తడిమి, ఉత్త చేతులతో వచ్చాడు.

"నాకు గుర్తు లేదమ్మా" అన్నాడు. "నేనెప్పుడు ఏడిస్తిని? నాకు నీ లెక్కలంటే శానా ఇష్టం కదా. అందుకే గదా ఇన్నేండ్లయినా అన్నీ నోటికుండాయి."

అతను ఓదార్చడానికే ఆ మాట అన్నాడు. ఆమె అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది. నలభై ఏళ్ళ గాయం లేదు. మోసిన బరువు లేదు, తీర్చుకున్న కక్ష లేదు. వాడి ఏడుపును కూడా ఆమె ఒక్కతే దాచుకుంది. అతనికి ఒక పని పడింది, ఇంట్లో చేతికి అందుబాటులో ఒక వస్తువుంది, తీసి వాడాడు. తలుపు మూలనున్న కొడవలిని తీసినట్టు. అంతకంటే లోతేమీ లేదు. ఇంత దూరం వెతుక్కుంటూ వచ్చింది లోతు కోసమే.

"కేసు వాపసు తీసుకుంటాలే" అన్నాడు నాగేశ్. "వకీలుతో మాట్లాడినా. రేపో ఎల్లుండో వేసేస్తాము అర్జీ. తోట నీదే. నువ్వుండేంత కాలం నేను దాని మాట ఎత్తను. సరేనా?"

తోట నిలిచింది. ఆమె ఆ సంగతిని విన్నది, ఊరి రోడ్డుమీద పోయే బస్సు చప్పుడు విన్నట్టు. చెవి మాత్రం ఆమె ప్రమేయం లేకుండానే వేరే పని చేస్తోంది. రేపో ఎల్లుండో అన్నాడు. ఏ వారమని చెప్పలేదు. అర్జీ అన్నాడు, ఏమని పెడతారో చెప్పలేదు. నువ్వుండేంత కాలం అన్నాడు. ఉండడమంటే ఎక్కడ? ఈ ఇంట్లోనా, ఈ ఊళ్ళోనా, బ్రతికా? మాట మాటా విడదీసి వెనక ఏముందో చూస్తోంది. ఇన్నేళ్ళు ఆట కోసం పదును పెట్టుకున్న చెవి అది. ఇప్పుడు ఆపమంటే ఆగడం లేదు. కొడుకు నోటి నుంచి వచ్చేది ఇక ఏదీ ఆమెకు ఉత్త మాటగా వినిపించదు.

నాగేశ్ లేచి నిలబడ్డాడు. ఆమె ముఖంలో కోపం వెతికాడు. దొరకలేదు. దొరికి ఉంటే అతనికి ఏం చేయాలో తెలిసేది. చివరకు, ఏ కొడుకైనా ఏ తల్లినైనా అడిగేది అడిగాడు.

"అన్నం తిన్నావా అమ్మా?"

ఆమె ఆ ప్రశ్నను ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నట్టు పట్టుకుని చూసింది. ఏమీ కనిపించలేదు. బహుశా ఏమీ లేదేమో. ఉత్త అన్నమేనేమో. తెలుసుకునే దారి మాత్రం ఆమెకు లేదు.

"ఊట ఆయ్తు" అంది, భోజనమైందని.

కన్నడం. మార్కెట్టులో బేరగాళ్ళతో, బ్యాంకులో, కరెంటాఫీసులో, ఆ డాక్టరమ్మతో మాట్లాడిన భాష. అడిగింది అడిగినట్టు, చెప్పింది చెప్పినట్టు రాసుకునే భాష. కడుపులో పడ్డప్పటి నుంచి ఆమె ఈ కొడుకుతో ఒక్క ముక్క కూడా అందులో మాట్లాడలేదు.

నాగేశ్ ఆమె ఇంకేదైనా అంటుందేమోనని నిలబడ్డాడు. ఎగతాళికి అందేమో, తర్వాత తెలుగు వస్తుందేమో అనుకున్నట్టు పెదవుల మీద సగం నవ్వు తెచ్చుకుని నిలబడ్డాడు. మునివెంకటమ్మ మోపులోంచి ఒక చేతి నిండా కొమ్మలు తీసుకుని, పండుటాకు కోసం ఒక్కొక్క కొమ్మనూ కుడి కంటి దగ్గరకు తెచ్చుకుని చూడసాగింది.